ఎడమ భుజం అర అంగుళం

"అత్తా, ఆ చీర తియ్యనియ్యి. నాకు బొమ్మతోని పనున్నది."

పొద్దటి నుంచి మధులత ఈ మాట అనడం నాలుగోసారి. పోశమ్మ విననట్టే కూర్చుంది. కుట్టుమిషను పక్కన నిలబెట్టిన బొమ్మకు తన నేరేడు రంగు చీర కట్టి, కుచ్చిళ్లు సర్ది, దాని ఎదురుగా నేల మీద చేరగిలబడింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె మెతుకు ముట్టలేదు.

"బొమ్మ అనకు," అంది చివరికి.

బొమ్మకు తల లేదు, చేతులు లేవు. మెడ నుంచి తుంటి దాకా ఉన్న ఒట్టి మొండెం. నాలుగేళ్ల కిందట మధులత తన ఆడబిడ్డ అరుంధతికి పాత బనీను తొడిగి, దాని మీద గోధుమరంగు కాగితం టేపు పొరలు పొరలుగా అంటించి, ఆరాక వీపు వెంట కత్తిరించి తీసిన అచ్చు అది. లోపల పాత చీరలు కూరారు. నాటకాల వాళ్లకు పాతకాలపు దుస్తులు కుట్టే పని వదినా మరదళ్లిద్దరూ ఆ ఏడాదే మొదలుపెట్టారు. ఏ నటి కొలతలు వస్తే ఆమెకు తగినట్టు ఆ మొండేనికి గుడ్డ చుట్టి, రొమ్ము దగ్గరో నడుం దగ్గరో లావు చేసుకునేవారు.

ఆ మరుసటి ఏడు, గోదావరీ ప్రాణహితా కలిసి పొంగిన వానాకాలంలో, అరుంధతి ఏట్లో పోయింది. మొండెం సిరోంచలోని ఆ ఇంట్లో మిగిలింది.

నిన్న వడ్స నాటక కంపెనీ నుంచి కొత్త నటి కొలతలు వచ్చాయి. బొమ్మకు ఎక్కడా గుడ్డ చుట్టాల్సిన పని పడలేదు.

"రాత్రంత అది సప్పుడు చేసింది," అంది పోశమ్మ. "నువ్వు ఇన్నవా? చిన్నగ. ఊపిరి తీసినట్టు."

"వానకు కాగితం ఉబ్బుతది అత్తా. టేపు లేస్తది. గా సప్పుడు."

"మూడేండ్ల సంది వాన పడలేదా?"

మధులత కూడా ఆ చప్పుడు విన్నది. లేచి కూర్చుని, దీపం వెయ్యడానికి చెయ్యి చాచి, వెయ్యకుండానే మళ్లీ పడుకుంది.

బయట మోటార్ సైకిల్ ఆగింది.

పోశమ్మ కొడుకు సాగర్ లోపలికి వచ్చేసరికి నిలువునా తడిసి ఉన్నాడు. అతను జిమల్‌గట్టలో బడిపంతులు; వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటాడు. కొత్త నటి కొలతలు బొమ్మకు సరిపోయాయని, అవ్వ తినడం లేదని మధులత ఫోన్ చేస్తే, ఆదివారం పూట పడే వానలో బయలుదేరి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, తువ్వాలు కూడా అడగకుండా, చీర కట్టిన మొండేన్ని చూశాడు.

"ఏందిది?"

పోశమ్మ బొమ్మ కుచ్చిళ్లు మళ్లీ సర్దింది.

"బొమ్మకు చీర కట్టుడేందవ్వా? ఎవరన్న చూస్తె ఏమనుకుంటరు?" భార్య వైపు తిరిగాడు. "నువ్వేం చెప్పినవు అవ్వకు?"

"నేనేం చెప్పలె. కొలత టేపు చెప్పింది."

"ముప్పైనాలుగు, ఇరవయ్యారు. సగం మంది ఆడోళ్లకు గదే ఉంటది. రోజు కుడుతవు, నీకు తెల్వదా?"

"రవికె అయితె నువ్వన్నది నిజమే. ఆరు కొలతలతోని రవికె అయితది. ఇది రవికె గాదు."

ఆమె మిషను మీద ఉన్న కోరా బట్ట ముక్కను ఎత్తి చూపించింది. నూటయాభై ఏళ్ల కిందటి కథ అట ఆ నాటకం. అందులో ఒక ఇంగ్లీషు దొరసాని ఉంది. ఆమె గౌను అందరికీ కనిపిస్తుంది. గౌను కింద మూడు లంగాలు, అవి గొడుగులా విచ్చుకోవడానికి అంచుల్లో పెట్టి కుట్టే పురికొస, అన్నిటికన్నా లోపల పల్చటి చొక్కా, ఆ చొక్కా మీద వెదురు బద్దలు దోపిన బిగువు కట్టు, ఇవేవీ ఎవరికీ కనిపించవు. కానీ గౌను నిలబడేది వాటి మీదే. బిగువు కట్టు ఒక్క అంగుళం తప్పినా నటికి ఊపిరి ఆడదు. పాట మధ్యలో కళ్లు తిరిగి పడిపోతుంది. అందుకే దానికి ఇరవై మూడు కొలతలు.

"ఇరవై మూడు కలిసినయి," అంది మధులత. "పక్కటెముకల కింద చుట్టుకొలత కలిసింది. చంక నుంచి నడుం దాక కలిసింది. ఎడమ భుజం కుడి భుజం కన్న అర అంగుళం కిందికున్నది. అది సుత కలిసింది."

ఆ చివరి మాటకు సాగర్ భార్య ముఖం నుంచి చూపు తిప్పుకున్నాడు.

అరుంధతికి ఏడేళ్లప్పుడు ఇప్పచెట్టు కొమ్మ విరిగి పడితే ఎడమవైపు మెడ ఎముక విరిగింది. అతుక్కుంది కానీ, భుజం కిందికే ఉండిపోయింది. పెళ్లి చూపులప్పుడు పైట ఆ వైపు ఎత్తి కట్టేది. ఆమెను ఆ ఇప్పచెట్టు ఎక్కించింది అన్నే.

"భుజం వంగినోళ్లు దునియాల ఒక్కలే ఉంటరా?" అన్నాడు. గొంతులో ఇందాకటి గట్టిదనం లేదు.

పోశమ్మ మొదటిసారి కొడుకు వైపు చూసింది.

"సాగరూ, ఇట్ల కూసో."

"బట్టలు మార్చుకొనొస్త."

"కూసో అంటున్న."

అతను తడి బట్టలతోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని తలకు పైన, పూలదండ వేసిన అరుంధతి ఫోటో ఉంది. దాని ముందే బుద్ధవందన చెప్పించి, పోయినామెకు పుణ్యం చేరాలని పుణ్యానుమోదన చేసి, వాడకట్టందరికీ భోజనం పెట్టారు. పోశమ్మ ఫోటోను చూడలేదు. కొడుకునే చూస్తోంది.

"నువ్వు దాని మొఖం చూసినవా?"

"ఏం అడుగుతున్నవవ్వా?"

"అటు ఒడ్డుకు శవం దొరికిందంటె నువ్వొక్కనివే పోయినవు. నన్ను రానియ్యలె. దవాఖాన్ల చూసిన, మనదే, అన్నవు. ఆడ్నే మట్టి చేసి వచ్చిన, అన్నవు. మొఖం చూసినవా?"

వాన కొంచెం తగ్గింది. చూరు నుంచి నీళ్లు గిన్నెలోకి పడుతున్నాయి. మధులత చేతిలోని బట్ట ముక్కను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. ఇది ఆమె మూడేళ్లుగా మొగుణ్ని అడగాలనుకుని అడగని ప్రశ్న.

"పదకొండు రోజులైంది అప్పటికి," అన్నాడు సాగర్. "నీళ్లల్ల పదకొండు రోజులు. నీకు తెల్వది."

"చూసినవా?"

"డాక్టరు గుడ్డ తీస్త అన్నడు." అతను అరచేతులతో మోకాళ్లు రుద్దుకున్నాడు. "నేనే వద్దన్న."

"మరెట్ల చెప్పినవు మనదే అని?"

"పోలీసాయిన కాగితం చదివిండు. ఇరవయ్యారు ఇరవయ్యేడేండ్లు ఉంటయి, చామనచాయ, చేతికి పచ్చ గాజులు, అన్నడు. నీ చెల్లెనా, అన్నడు. ఔనన్న."

"పచ్చ గాజులా?"

"ఔ."

"సాగరూ, భీమ్‌రావు చెయ్యి ఇరగ్గొట్టినంక అది గాజులు ఏసుకున్నదా?"

మొగుడు భీమ్‌రావు కొడితే అరుంధతి నాగేపల్లిలోని అత్తగారింటి నుంచి చెయ్యి కట్టుకుని వచ్చిన రోజు ఇంట్లో అందరికీ గుర్తుంది. గాజు ముక్కలు మణికట్టులో దిగి ఉంటే మధులతే సూదితో తీసింది. ఆ తరువాత ఏడాది పాటు ఈ ఇంట్లో ఉన్న అరుంధతి ఒక్క గాజు కూడా తొడగలేదు. కుట్టేటప్పుడు బట్టకు తట్టుకుంటాయి అనేది. అందరూ ఆ మాట నమ్మినట్టు ఊరుకునేవారు.

"నాకు తెల్సు," అన్నాడు సాగర్. "ఔనన్నప్పుడే నాకు తెల్సు. గని నువ్వు ఒడ్డు ఇడిసి వస్తలేవు గదవ్వా. పదకొండు రోజులు ఆ బురదల కూసున్నవు. నీళ్లు తాగవు, మాట్లాడవు. ఎవరన్న చెయ్యి పడితె కొరికినవు. నువ్వు సుత పోతవని... ఏదో ఒకటి దొరికితె ఇంటికొస్తవని..."

పోశమ్మ తన అరచేతులు చూసుకుంది. ఏడుస్తుందని మధులత అనుకుంది. ఏడవలేదు.

"ప్రతి ఏడు వంతెన దాటి పోతున్న," అంది నెమ్మదిగా. "ఆ మట్టి మీద పూలు పెడుతున్న. బిడ్డా, బిడ్డా, అని నెత్తి కొట్టుకుంటున్న. ఎవ్వల బిడ్డరా అది?"

"అవ్వా..."

"పచ్చ గాజుల పిల్ల ఎవ్వల బిడ్డ? దాని తల్లి ఏ ఊర్ల, ఏ ఒడ్డుకు కూసున్నదో. నా బిడ్డ పేరు పెట్టి దాన్ని మట్టిల కలిపినవు. ఇగ ఆ తల్లికి ఎవరు చెప్తరు?"

గదిలో ఎక్కడో చిన్నగా టప్పుమని చప్పుడైంది. ముగ్గురూ బొమ్మ వైపు చూశారు. వీపు మీద టేపు అంచు ఒకటి లేచి, చీర కింద ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

సాగర్ ఒక్కసారిగా లేచాడు. "దీన్ని ముందుగాల ఇంట్లకెళ్లి తీసెయ్యాలె. ఇది ఉన్నన్ని రోజులు మీకు పిచ్చి లేస్తది." చీర కుచ్చిళ్లు పట్టి లాగాడు. మధులత అడ్డం వచ్చింది.

"ముట్టకు."

ఏడేళ్ల కాపురంలో ఆమె అతనితో ఆ గొంతుతో మాట్లాడలేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మధులత అత్త చీరను జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టింది. సగం కుట్టిన బిగువు కట్టును తీసుకుంది. నిన్న వచ్చిన కొలతలతో కత్తిరించింది అది. ఇంకా బొమ్మకు పెట్టి చూడలేదు. మొండేనికి తొడిగి, వెనక కాజాల్లోంచి నాడా దోపుతూ పైనుంచి కిందికి వచ్చింది. నడుం దగ్గర ఉచ్చు పట్టుకుని లాగింది. వెదురు బద్దలు కిర్రుమన్నాయి. కట్టు ఒంటికి అంటుకుపోయింది. ఎక్కడా ముడత లేదు, ఎక్కడా వదులు లేదు. ఎడమవైపు భుజం పట్టీ, అర అంగుళం పొట్టిది, వెళ్లి ఆ వంగిన భుజం మీద సరిగ్గా కూర్చుంది.

బిగించినప్పుడు లోపలి బనీను నుంచి పాత వాసన ఒకటి పైకి వచ్చింది. చెమట, కొబ్బరినూనె. టేపు చుట్టిన రోజు "ఊపిరాడుతలేదు వదినె, జల్ది తియ్యి," అని అరుంధతి నవ్విన నవ్వు గుర్తుకొచ్చింది.

"చూడు," అంది మొగుడితో. "మొఖమయితె చూడలేదు గద. ఇదన్న చూడు."

సాగర్ చూశాడు. ఒక వేలు చాచి, ఆ ఎడమ భుజాన్ని తాకి, వెంటనే తీసేశాడు.

"బతికి ఉంటె ఎందుకు రాలె?" అన్నాడు. అది ఎవరినీ అడిగినట్టు లేదు. "మూడేండ్లు. ఒక్క ఫోన్ చెయ్యలె. తల్లి బతికున్నదా సచ్చిందా అని సుత అడగలె. ఎందుకు?"

మధులత అత్త వైపు చూసింది, తరువాత అతని వైపు.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"ఏం చెప్పాలె?" అంది పోశమ్మ.

చూరు కింది గిన్నె నిండి పొర్లుతోంది. ఎవరూ లేచి దాన్ని తీయలేదు.

"ఆనాడు పొద్దుగాల భీమ్‌రావుకు ఈయిననే ఫోన్ చేసిండు అత్తా," అంది మధులత. "వచ్చి తీసుకపో, మేము పంపుతం, ఈసారి ఆపం, అన్నడు. అరుంధతి అర్ర తలుపు వెనుక నిలబడి ఇన్నది. నేను చూసిన. పొయ్యి దగ్గర నాతోని ఒక్క మాట అనలె. సంచి పట్టుకొని వానల బయటికి పోయింది. దుకాణానికనుకున్న." ఆమె గొంతు సన్నగిల్లింది. "చెప్పులు ఒడ్డు మీద దొరికినంక నాకు సమజైంది. నీకు చెప్పలె. ఇల్లు రెండు ముక్కలైతదని చెప్పలె."

"వాడు మారిన, అని ఒట్టు పెట్టిండు," అన్నాడు సాగర్. "నా నౌకరి కొత్త. ఊర్ల తలో మాట అంటున్నరు. ఇంక ఎన్ని రోజులు ఉంచుకుంటం అనుకున్న. దానికి చావుమని చెప్పిన్నా?"

"చెయ్యి ఇరగ్గొట్టినోని చేతికే ఇస్త అన్నవు," అంది పోశమ్మ. "అదే చెప్పినవు."

అంత మెత్తగా అన్నందుకు సాగర్‌కు కోపం వచ్చింది. అరిచి ఉంటే తట్టుకునేవాడేమో. గోడ మీద గుద్దాడు. ఫోటో ఒక పక్కకు ఒరిగింది.

"సరే, బతికే ఉన్నది అనుకుందాం. ఇప్పుడేం చేస్తరు? నేను సంతకం పెట్టిన. పోలీసు కాగితం మీద, దవాఖాన కాగితం మీద. అది తప్పని తేలితె కేసయితది. నౌకరి పోతది. ఆ భీమ్‌రావు ఇంకోదాన్ని చేసుకొని పిల్లగాన్ని కన్నడు, ఆ ఇల్లేమైతది? అది రావాలనుకుంటె వస్తది. మీరు కదిలియ్యకుర్రి. ఆ వడ్సోళ్లకు ఫోన్ చెయ్యొద్దు. బట్టలు కుట్టి పంపి చేతులు దులుపుకో."

మధులత కిటికీలో పెట్టిన ఫోన్ అందుకుంది.

"వద్దంటున్న."

"కొలత ఒకటి అడగాలె. పని నాది."

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయి, తల్లి చూపు తన చేతి మీద ఉందని గమనించి ఆగిపోయాడు. వాన మళ్లీ పెరిగింది. అతను వెళ్లి గడప మీద నిలబడ్డాడు. వెళ్లిపోనూ లేదు, లోపలికి రానూ లేదు.

ఆ ఫోన్‌లో చెవికి పెట్టుకుంటే సరిగా వినబడదు. మధులత ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడుతుంది. అవతల నాటక కంపెనీలో దుస్తుల పని చూసే రాజుబాయి ఎత్తింది. ఆమె పుట్టిల్లు ఇటువైపు అహేరి కాబట్టి తెలుగు మాట్లాడుతుంది. వెనకాల హార్మోనియం, ఎవరో మరాఠీలో సంభాషణ అప్పజెబుతున్న చప్పుడు.

"అక్కా, దొరసాని కొలతలు నువ్వే తీసినవా?"

"నేను తియ్యలె. ఆమెనే చెప్పింది, నేను రాసుకున్న. టేపు సుత పట్టలె, గడగడ చెప్పింది. ఎందుకు, తప్పున్నయా?"

"భుజాలు రెండు యేరే యేరే ఉన్నయి."

"ఔ. మా దగ్గర అందరు ఒక్క భుజమే రాస్తరు. నేను ఒక్కటే రాస్తుంటె ఆగు అన్నది. ఎడమది యేరే రాయి, కుట్టేటామెకు తెలుస్తది, అన్నది."

పోశమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

"పేరేందక్కా?"

"స్వాతి అంటది. ఊరు అడిగితె నవ్వుతది, చెప్పది. మంచిగ పాడుతది. దీపావళి నాటకాలకు కొత్తగా తీసుకున్నరు." రాజుబాయి గొంతు తగ్గించింది. "దొరసాని బట్టలు సిరోంచల కుట్టిస్తున్న అని చెప్తె మాత్రం జరసేపు మాట్లాడలె. మల్ల, కాగితం తీసుకో, కొలతలు చెప్త, అన్నది. ఇగో, ఇక్కడ్నే ఉన్నది. నువ్వే అడుగు."

అవతల ఫోన్ చేతులు మారింది. హార్మోనియం దూరమైంది. ఆమె ఎక్కడికో పక్కకు నడిచింది. అడుగులు వినిపించాయి, ఆగాయి.

పోశమ్మ మధులత చేతిలోంచి ఫోన్ తీసుకుని, రెండు చేతులతో ముఖానికి దగ్గరగా పట్టుకుంది. అవతల ఊపిరి వినిపిస్తోంది. ఇవతలి వాన అవతలికి వినిపిస్తూ ఉండాలి.

ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

"అవ్వా," అంది అవతలి గొంతు.

పోశమ్మ ఫోన్‌ను చెంపకు ఆనించుకుంది.

"అవ్వా, అన్న ఇంట్ల ఉన్నడా?"

పోశమ్మ తల తిప్పింది. సాగర్ గడప మీద నిలబడి ఉన్నాడు. చెయ్యి ముందుకు చాచి ఉంది, ఫోన్ కోసమో, వద్దనడానికో. అతని కళ్లు తల్లి కళ్లను పట్టుకుని బతిమాలుతున్నాయి. పోశమ్మ కొడుకును నిండుగా చూసింది. చూస్తూనే చెప్పింది.

"లేడు బిడ్డా."

సాగర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి వేశాడు. వాన అతని మీద పడుతోంది.

పోశమ్మ తలుపు దగ్గరికి నడిచి, ఒక చేత్తో దాన్ని దగ్గరికి వేసింది. గొళ్లెం పెట్టింది.

"ఇగ చెప్పు," అంది.